పది డోసుల సీసా, ముగ్గురు పిల్లలు

గోదావరి ఏజెన్సీలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను వైద్యాధికారిగా పనిచేసిన సంవత్సరాలలో ప్రతి నెలాఖరునా ఒక పట్టిక నింపి పైకి పంపేవాళ్లం. ఏ టీకా ఎన్ని డోసులు వచ్చింది, ఎంతమంది పిల్లలకు వేశాం, ఎంత మిగిలింది, ఎంత శాతం వృథా అయింది అన్నవి అందులోని గడులు. చివరి గడిలో అంకె పెద్దదైతే సమీక్షా సమావేశంలో లేచి నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. చిన్నదైతే ఎవరూ ఏమీ అడగరు. అలా ఎవరూ అడగని అంకె వెనుక ఏముంటుందో నాకు ఒక పిల్లవాడి వల్ల తెలిసింది.

ఒక జనవరి శనివారం నాడు మా పరిధిలోని ఒక గూడెం అంగన్‌వాడీ కేంద్రంలో టీకాల సెషన్ జరిగింది. పక్క గుంపు (చిన్న పల్లె) నుంచి ఒక తల్లి తొమ్మిది నెలలు నిండిన కొడుకును పాత చీరతో వీపున కట్టుకొని నడిచి వచ్చింది. తట్టు-రుబెల్లా టీకా, అంటే మేమందరం ఎంఆర్ అని పిలుచుకునే టీకా, వేయవలసిన బిడ్డ ఆ రోజు అక్కడ వాడొక్కడే. టీకాలను చల్లగా మోసుకొచ్చే క్యారియర్‌లో ఎంఆర్ సీసా ఉంది. దానిని తెరిస్తే పది డోసులలో ఒకటి వాడి తొమ్మిది పారేయాలి. ఉపకేంద్రం నర్సు, అంటే ఏఎన్‌ఎం, కార్డు చూసి, "ఇంకో ఇద్దరు పిల్లలు దొరకనీ అమ్మా, వచ్చే నెల వేస్తాను" అని చెప్పి పంపించింది. ఫిబ్రవరి డ్యూ లిస్టులో, అంటే టీకా పడవలసిన పిల్లల జాబితాలో, ఆ పిల్లవాడి పేరుకు ఎదురుగా 'వలస' అని రాసి ఉండటం చూసి నేను అడిగాను. కుటుంబమంతా మిరప కోతలకు మైదాన ప్రాంతానికి వెళ్లిపోయింది. జనవరిలో వచ్చినప్పుడు ఎందుకు వేయలేదంటే ఏఎన్‌ఎం తడుముకోకుండా చెప్పింది: "సీసా ఊరికే తెరవొద్దని మీరే కదా మేడం, మొన్న మీటింగులో అన్నారు."

నేను ఆ మాట అన్నది నిజమే. అంతకు ముందు నెల మా ఎంఆర్ వృథా శాతం ఎక్కువగా ఉందని పై సమావేశంలో నన్ను అడిగారు. నేను వచ్చి మా సిబ్బందిని అడిగాను. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలన్నది మన సార్వత్రిక టీకాల కార్యక్రమంలో స్పష్టంగా ఉన్న నియమమని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా నియమం కంటే మందలింపే ఎక్కువ రోజులు గుర్తుంటుంది. ఆ నెల ఆమె పంపిన లెక్కలో ఎంఆర్ వృథా సున్నా.

ఈ లెక్క కట్టే పద్ధతి చాలా సులువైనది. నెల మొదట ఉన్న నిల్వకు వచ్చిన డోసులు కలిపి, నెలాఖరు నిల్వ తీసివేస్తే వాడిన డోసులు వస్తాయి. అందులో నుంచి పిల్లలకు నిజంగా వేసిన డోసులు తీసివేయగా మిగిలినది వృథా. దానిని వాడిన డోసులతో భాగించి నూటితో గుణిస్తే శాతం. ఈ శాతం నుంచే ఇండెంటుకు, అంటే టీకాలు తెప్పించుకోవడానికి పైకి పంపే కోరిక పత్రానికి, కావలసిన గుణకం పుడుతుంది. నూటిని, నూటిలోంచి వృథా శాతం తీసివేయగా వచ్చిన అంకెతో భాగించాలి. వృథా 50 శాతమైతే గుణకం 2, అంటే వంద మంది పిల్లలకు రెండు వందల డోసులు తెప్పించుకోవాలి. 25 శాతమైతే 1.33, 10 శాతమైతే 1.11. మన దేశంలో క్షయ టీకా బీసీజీకి 50 శాతం వరకు, ఎంఆర్‌కు 25 శాతం వరకు, అయిదు జబ్బులకు ఒకే టీకా అయిన పెంటావాలెంట్, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి వంటి వాటికి 10 శాతం వరకు వృథాను అనుమతించి లెక్కలు వేస్తారు. జాతీయ స్థాయిలో సీసాలు కొనడానికి ఈ అంకెలు అవసరం. చిక్కల్లా, దేశం మొత్తానికి సరాసరిగా వేసుకున్న అంకెను తీసుకువచ్చి ఒక గూడెంలో ఒక శనివారం జరిగే సెషన్‌కు కొలబద్దగా పెట్టడంలో ఉంది.

వెయ్యి మంది జనాభా ఉన్న ఊరిని తీసుకోండి. ఏడాదికి పదహారు, పదిహేడు కాన్పులు అవుతాయి అనుకుందాం. ఎంఆర్ మొదటి డోసు తొమ్మిది నెలలు నిండాక, రెండవది పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య వేయాలి. అంటే నెలకు ఒకసారి జరిగే సెషన్‌కు మొదటి డోసు పిల్లలు ఒకరో ఇద్దరో, రెండవ డోసు పిల్లలు ఒకరో ఇద్దరో, మొత్తం మీద ముగ్గురు వస్తారు. పొడి రూపంలో వచ్చే ఈ టీకాను ద్రావణంతో కలిపాక నాలుగు గంటలలోపు వాడాలి, సెషన్ అంతకు ముందే ముగిస్తే అప్పుడే పారేయాలి. పది డోసుల సీసాలో మూడు వాడితే ఏడు పోతాయి. ఏఎన్‌ఎం ఎంత జాగ్రత్తపరురాలైనా, ప్రతి తల్లీ చెప్పిన వేళకు వచ్చినా, ఆ ఊళ్లో వృథా 70 శాతం ఉండి తీరుతుంది. ఆమెను 25 శాతం తెమ్మంటే ఆమెకు మిగిలిన దారి ఒక్కటే, పిల్లలు పోగయ్యే దాకా సీసా తెరవకుండా ఉండటం. అదే ఊరికి అయిదు డోసుల సీసా ఇస్తే ఆమె ఏమీ మారకుండానే వృథా 40 శాతానికి దిగివస్తుంది. చిన్న సీసాకు డోసు ధర ఎక్కువ పడుతుంది, శీతల పెట్టెల్లో చోటు కూడా ఎక్కువ ఆక్రమిస్తుంది. ఆ బేరీజు రాష్ట్ర స్థాయిలో వేయవలసినది, ఊరి ఏఎన్‌ఎం మీద వేయవలసినది కాదు.

తెరిచిన సీసాలో మిగిలిపోయి పోయే డోసు వేరు, తెరవని సీసా తెరవకుండానే పాడైపోవడం వేరు. నెలవారీ పట్టికలో రెండూ కలిసి ఒకే శాతంగా కనిపిస్తాయి. మొదటిది బిడ్డకు టీకా వేయడానికి మనం చెల్లించే ఖర్చు. రెండవది పూర్తిగా నష్టం, దాదాపు ప్రతిసారీ తప్పించుకోగలిగిన నష్టం. గడువు తీరిపోవడం, కరెంటు పోయి వేడెక్కడం, పగిలిపోవడం, లెక్కకు రాకుండా పోవడం ఇవన్నీ ఇందులోకే వస్తాయి. అయితే నా అనుభవంలో వీటన్నిటికంటే ఎక్కువగా కళ్లు కప్పేది చలి. టీకా అనగానే చల్లగా ఉంచాలని అందరికీ తెలుసు కనుక, మరీ చల్లబడినా పాడవుతుందన్న సంగతి ఎవరికీ తట్టదు. పెంటావాలెంట్, హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు, పోలియో సూదిమందు ఐపీవీ, న్యుమోకాకల్ టీకా గడ్డకడితే ఇక పనికిరావు. హెపటైటిస్-బి సున్నాకు అర డిగ్రీ దిగువనే గడ్డకడుతుంది. ఇవన్నీ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. టీకాలు నిల్వ ఉంచే శీతల పెట్టె ఐఎల్‌ఆర్‌లో అన్నిటికంటే చల్లని చోటు అడుగుభాగం. అందుకే వీటిని పైన బుట్టలోనే పెట్టాలి, చలికి తట్టుకునే పోలియో చుక్కలు, బీసీజీ, ఎంఆర్ కింద ఉండాలి.

సీసా మీద ఉండే వీవీఎం (వ్యాక్సిన్ వయల్ మానిటర్) గుర్తు వేడిని మాత్రమే పట్టిస్తుంది. వలయం లోపలి తెల్లని చతురస్రం వేడి తగిలే కొద్దీ ముదురుతూ వస్తుంది. అది వలయం రంగుతో సమానమైతే సీసా పారేయాలి. గడ్డకట్టి కరిగిన సీసా మీద మాత్రం ఆ చతురస్రం తెల్లగా, నిశ్చింతగా ఉంటుంది. దానిని కనిపెట్టడానికి షేక్ టెస్టు అని ఒక పరీక్ష ఉంది. అదే బ్యాచిలోని ఒక సీసాను కావాలని డీప్ ఫ్రీజర్‌లో రాత్రంతా ఉంచి గడ్డకట్టించి, కరిగించి, దానినీ అనుమానం ఉన్న సీసానూ ఒకే చేతిలో పట్టుకొని గట్టిగా ఊపి, బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి చూడాలి. గడ్డకట్టిన దానిలో అటుకుల్లాంటి తెల్లని పలుకులు విడిపోయి త్వరత్వరగా అడుగుకు దిగుతాయి, పైన తేటనీరు నిలుస్తుంది. మంచి సీసా పలుచని పాలలా చాలాసేపు సమంగా తెల్లగా ఉంటుంది. నేను ఈ పరీక్షను మొదటిసారి స్వయంగా చేసిన రోజున రెండు సీసాలూ ఒకే వేగంతో తేరుకున్నాయి. కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి మూడుసార్లు చూశాను. మా పెట్టెలోని ఒక బుట్టెడు పెంటావాలెంట్ అంతా ఎప్పుడో గడ్డకట్టి కరిగిందన్నమాట. ఎవరో ఇండెంటు సర్దేటప్పుడు డబ్బాలను అడుగున పెట్టి మరిచిపోయారు. ఆ సీసాలను పారేయించినందుకు ఆ నెల మా వృథా శాతం పెరిగింది. పారేయకుండా వేసి ఉంటే పట్టిక అందంగానే ఉండేది, పిల్లల చేతులకు సూది నొప్పి తప్ప రక్షణ దక్కేది కాదు. పనికిరాని టీకా వేయడమే అన్నిటికంటే పెద్ద వృథా అని నేననుకుంటాను, దానికి ఏ పట్టికలోనూ గడి లేదు.

ఇటువంటి నష్టాలను తగ్గించడంలో 2015లో మొదలైన ఈవిన్ అనే ఎలక్ట్రానిక్ టీకా నిల్వల వ్యవస్థ చాలా మేలు చేసింది. పెట్టెలో పెట్టిన పరికరం ఉష్ణోగ్రతను ఎప్పటికప్పుడు ఫోన్‌కు పంపుతుంది, కోల్డ్ చైన్ బాధ్యురాలు నిల్వలను అదే ఫోన్‌లో నమోదు చేస్తుంది. ఏ కేంద్రంలో గడువు దగ్గరపడిన సీసాలు పేరుకున్నాయో, ఏ కేంద్రంలో కొరత ఉందో జిల్లా కార్యాలయానికి అదే రోజు తెలుస్తుంది. అయితే ఆ కన్ను శీతల పెట్టె ఉన్న కేంద్రం వరకే చూస్తుంది. అక్కడి నుంచి క్యారియర్‌లో నాలుగు ఐస్‌ప్యాకుల మధ్య బయలుదేరిన సీసాకు ఊళ్లో ఏమైందన్నది ఏఎన్‌ఎం సెషన్‌లో నింపే టాలీ షీటు మీదనే ఆధారపడి ఉంది.

తెరిచిన సీసా విషయంలో మన దేశం సాధించిన పెద్ద మేలు, దానిని తర్వాతి సెషన్‌లలోనూ వాడనిచ్చే ఓపెన్ వయల్ విధానం. 2010లో యునిసెఫ్ అయిదు రాష్ట్రాలలో చేయించిన పరిశీలనలో బీసీజీ వృథా 61 శాతం, పోలియో చుక్కల వృథా 47 శాతం అని తేలింది. పోలియో సీసాలో ఇరవై డోసులు ఉంటాయి. ఆ రోజుల్లో సెషన్ ముగియగానే మిగిలినదంతా పారేసేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ తరహా విధానాన్ని 2000లోనే సూచించింది. మన కార్యక్రమంలో అది 2013 తర్వాత వచ్చింది. పెంటావాలెంట్, హెపటైటిస్-బి, పోలియో చుక్కలు వంటి ద్రవరూప టీకాల సీసాను తెరిచాక కూడా ఇరవై ఎనిమిది రోజుల వరకు వాడవచ్చు. గడువు తీరకూడదు, వీవీఎం బాగుండాలి, ఉష్ణోగ్రత తప్పకూడదు, మూత నీళ్లలో మునిగి ఉండకూడదు, తెరిచిన తేదీ, వేళ సీసా మీద రాయాలి. ఈ షరతుల్లో చివరిది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ మొత్తం విధానం దాని మీదే నిలబడి ఉంది. తేదీ రాయని సీసా తిరిగివస్తే దానిని పారేయడం తప్ప గత్యంతరం లేదు. తడి చేతులతో, చలికి చెమర్చిన లేబుల్ మీద బాల్‌పెన్ సరిగా పడక తేదీ చెరిగిపోయిన సీసాలు ఎన్నో చూశాను. లేబుల్‌ను దూదితో తుడిచి, మార్కర్ పెన్నుతో రాయించడం మొదలుపెట్టాక మా దగ్గర ఆ నష్టం దాదాపు ఆగిపోయింది.

బీసీజీ, ఎంఆర్ లకు ఈ వెసులుబాటు లేదు, ఉండకూడదు కూడా. వాటిలో సూక్ష్మజీవులను ఆపే మందు కలపరు, కలిపితే టీకాలోని సజీవ క్రిమే చచ్చిపోతుంది. అందువల్ల కలిపిన సీసాలో బయటి నుంచి ఒక్క సూక్ష్మజీవి చేరినా గంటల్లో పెరిగిపోతుంది. 2017లో దక్షిణ సూడాన్‌లోని కపోయెటా ప్రాంతంలో తట్టు టీకాల కార్యక్రమంలో పదిహేను మంది చిన్నారులు చనిపోయారు. నాలుగు రోజుల పాటు టీకా కలపడానికి ఒకే సిరంజిని వాడారని, టీకాలను చల్లగా ఉంచలేదని దర్యాప్తులో తేలింది. వృథా తగ్గించమని ఒత్తిడి తెచ్చేవారు ఈ సంగతిని ముందు చదవాలి. నాలుగు గంటలు దాటిన సీసాను పారేసిన ఏఎన్‌ఎం ఒక విధిని నిర్వర్తించింది, ఆమె నుంచి సంజాయిషీ కోరకూడదు.

2021 మార్చి 17న వృథా శాతం మన రెండు రాష్ట్రాలలో పతాక శీర్షికలకు ఎక్కింది. కోవిడ్ టీకాల వృథా దేశ సరాసరి 6.5 శాతం ఉండగా తెలంగాణలో 17.6, ఆంధ్రప్రదేశ్‌లో 11.6 శాతం అని కేంద్ర ఆరోగ్యశాఖ ప్రకటించింది. చదివిన బంధువులు నాకు ఫోను చేసి, అన్ని మందులు నేలపాలు చేస్తున్నారా అని అడిగారు. పది డోసుల సీసా, నాలుగు గంటల గడువు, రావలసిన వారిలో సగం మంది భయపడి రాని రోజులు, ముందుగా పేరు నమోదైనవారికే వేయాలన్న తొలి నిబంధన, ఇవన్నీ ఒక చోట కలిస్తే ఏ రాష్ట్రంలోనైనా అంకె పెరుగుతుంది. అదే ఏడాది మే నెలలో కేరళ తనకు వచ్చిన 73,38,806 డోసులతో 74,26,164 డోసులు వేశానని చెప్పింది. సీసాలో పది డోసులకు మించి కొద్దిగా అదనంగా నింపుతారు, నేర్పుగా తీస్తే పదకొండవ డోసు వస్తుంది. అక్కడి నర్సుల నేర్పుకు ఆ ప్రశంస న్యాయంగా దక్కింది. కానీ ఆ తర్వాత జూన్‌లో, వృథా చేసే రాష్ట్రాలకు కేటాయింపు తగ్గుతుందని మార్గదర్శకాలు వచ్చినప్పుడు నాకు మా గూడెం సెషన్ గుర్తుకు వచ్చి భయం వేసింది. అంకెకు శిక్ష ఉన్న చోట అంకె తప్పకుండా తగ్గుతుంది. అది జనం పెరిగి తగ్గిందా, సీసా తెరవక తగ్గిందా, రాయక తగ్గిందా అన్నది ఆ అంకెలోనే కనిపించదు.

బొట్టు బొట్టూ పొదుపు చేయడం పిల్లలను నష్టపరచకుండా కూడా జరుగుతుందనడానికి హైదరాబాదే మంచి సాక్ష్యం. 2016 ఏప్రిల్‌లో దేశమంతా పాత పోలియో చుక్కల నుంచి కొత్త వాటికి మారింది. జూన్‌లో అంబర్‌పేట మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన రెండవ రకం పోలియో వైరస్ కనిపించింది. సూదిమందుగా ఇచ్చే ఐపీవీకి అప్పుడు ప్రపంచమంతటా కొరత. హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో పిల్లలకు అర మిల్లీలీటరు బదులు అందులో అయిదో వంతు, అంటే 0.1 మిల్లీలీటరును చర్మం పొరలోకి ఇచ్చారు. పద్ధతి శాస్త్రీయంగా పరీక్షించినది. ఆ తర్వాత ఆరో వారంలో, పద్నాలుగో వారంలో ఈ చిన్న డోసులే దేశమంతటా నిత్య కార్యక్రమంలో భాగమయ్యాయి. అయిదు డోసుల సీసా కాగితం మీద ఇరవై అయిదు డోసులైంది. డోసు అంత చిన్నదైనప్పుడు సిరంజిలో గాలి తీసేటప్పుడు జారిపోయే చుక్క కూడా లెక్కలోకి వస్తుంది కనుక, ఏఎన్‌ఎంల చేతికి శిక్షణ ఇవ్వడమే అక్కడ పొదుపు.

ఆ పిల్లవాడి సంగతి తెలిశాక మేం మా పద్ధతిని మార్చుకున్నాం. అందులో ఎక్కువ భాగం తేదీలు సర్దుకోవడమే. ఎంఆర్ మొదటి డోసు పిల్లలను ఆపకూడదు. రెండవ డోసుకు ఎనిమిది నెలల వెసులుబాటు ఉంది కాబట్టి, మొదటి డోసు బిడ్డ వచ్చే శనివారానికే చుట్టుపక్కల గుంపుల రెండవ డోసు పిల్లలను ఆశా కార్యకర్త ముందు రోజు సాయంత్రం వెళ్లి పిలుచుకొచ్చేది. ఒక ఊళ్లో సెషన్ శనివారం, వారపు సంత కూడా శనివారమే. తల్లులంతా సంతలో ఉంటే సెషన్‌కు ఎవరు వస్తారు? దానిని బుధవారానికి మార్చగానే హాజరు పెరిగింది. కాన్పుల గదిలో బీసీజీకి మరో ఏర్పాటు చేశాం. సాధారణ కాన్పు తర్వాత తల్లులు రెండు రోజులు ఉండేవారు, కనుక బీసీజీ సీసాను రోజు విడిచి రోజు తెరిస్తే ఇంటికి వెళ్లేలోగా ప్రతి బిడ్డకూ అందుతుంది, సీసాలు మాత్రం సగమే ఖర్చవుతాయి. పుట్టిన ఇరవై నాలుగు గంటలలో పడవలసిన హెపటైటిస్-బి డోసును దీనితో ముడిపెట్టలేదు, దాని సీసాను ఎలాగూ దాచుకోవచ్చు.

టాలీ షీటు చివర పెన్నుతో ఒక గడి కూడా గీయించాను: సీసా తెరవక తిప్పి పంపిన పిల్లలు ఎంతమంది. మొదటి నెల అన్ని ఉపకేంద్రాల నుంచీ సున్నాలే వచ్చాయి. ఆ గడిలో ఏ అంకె రాసినా ఎవరినీ మందలించనని సమావేశంలో అందరి ముందూ మాట ఇచ్చాను. రెండవ నెల ఒక ఉపకేంద్రం నుంచి 2 అని వచ్చింది. మూడవ నెల మూడు ఉపకేంద్రాల నుంచి అంకెలు వచ్చాయి. ఆ పిల్లల పేర్లు అడిగి తీసుకొని, తర్వాతి సెషన్ ఎక్కడ ఉందో వారి తల్లులకు చెప్పి పంపాం.

మిరప కోతలు ముగిసి ఆ కుటుంబం ఏప్రిల్‌లో ఊరికి తిరిగివచ్చింది. ఆశా కబురు పంపితే ఆ శనివారం నేను కూడా గూడెం వెళ్లాను. పిల్లవాడు అప్పటికి గోడ పట్టుకొని నిలబడుతున్నాడు. ఆ రోజు కూడా ఎంఆర్ వేయవలసినది వాడొక్కడికే. ఏఎన్‌ఎం సీసా మూత తీసి, ద్రావణం కలిపి, మార్కర్ పెన్నుతో 10.40 అని వేళ రాసింది. కుడి చేతికి టీకా వేసి, విటమిన్-ఎ చెంచాతో పట్టింది. తర్వాత ఎవరూ రాలేదు. సెషన్ ముగిశాక తొమ్మిది డోసులున్న ఆ సీసాను ఆమె సంచిలో వేసి, టాలీ షీటులో ఎంఆర్ వృథా 90 శాతం అని రాసి నా వైపు జరిపింది. నేను కింద సంతకం చేశాను.